గోడమీది నీతి

మూడేండ్ల క్రిందట మా అమ్మాయిని ఆరవ తరగతిలో చేర్పించుటకై బెజవాడలో బెంజి సర్కిలుకు దాపుననున్న ఒక పాఠశాలకు పోయితిని. లోపల గుమాస్తా పిలుచువఱకు వరండాలో కూర్చుండవలసివచ్చెను. నాకెదురుగా గోడమీద అద్దపుచట్రములలో సత్యము, దయ, క్రమశిక్షణ, సహనము, దేశభక్తి మున్నగు తొమ్మిది గుణములు బంగారు అక్షరములతో వ్రేలాడుచుండెను. నా వీపువెనుక గోడమీద ర్యాంకులు తెచ్చుకొన్న బిడ్డల ఛాయాపటములుండెను. వానియందు ర్యాంకు అంకె బిడ్డ ముఖముకంటె పెద్దదిగా నున్నది. రెండు గోడల నడుమ కూర్చుండి, నా బిడ్డ మొదటి గోడను చదువుకొని పెరుగునని నమ్మితిని. ఏ తల్లియైనను అట్లే నమ్మును.

గుమాస్తా పిలిచినంతనే, “ఇక్కడ పిల్లలకు మంచిచెడ్డ లెట్లు నేర్పుదురు?” అని అడిగితిని. ఆయన ఏమాత్రము తడుముకొనక, “శనివారం చివరి పీరియడు వాల్యూ ఎడ్యుకేషనండి. దానికి బుక్కు కూడా ఉంది. ఫీజులో కలిపేశాం” అనెను. ఆ మాటకు నాకు నవ్వు రావలసినది. రాలేదు. పైపెచ్చు సంతోషమే కలిగినది. ఇంటిలో నాకును మావారికిని తీరికలేని పనిని ఎవరో ఏర్పాటుగా చేసిపెట్టుచున్నారు గదా యని ఊపిరి పీల్చుకొని రసీదు పుచ్చుకొని వచ్చితిని.

నేడు ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ సంతోషమే. బిడ్డ నడవడిని ఫీజులో కలిపి కొనవచ్చునను భ్రమ నా యొక్కదానిది కాదు. ఈ డెల్టాలో చదువుకొన్న కుటుంబము లన్నింటికిని అది పట్టియున్నది. పాఠశాలలు విలువలు నేర్పుట లేదని అందఱును వాపోవుదురు. నేనందుకు విరుద్ధముగా చెప్పుచున్నాను. పాఠశాలలు విలువలను నేర్పుచునే యున్నవి. మిక్కిలి సమర్థముగా నేర్పుచున్నవి. అయితే అవి శనివారపు చివరి పీరియడులో నేర్పునవి కావు, వారములో తక్కిన గంటలన్నిటిలోను నేర్పునవి.

ఇది నాకు తెలిసివచ్చిన విధమును చెప్పెదను. ఆ పాఠశాలలో పదునైదు దినముల కొకసారి పరీక్ష జరుగును. మార్కులనుబట్టి పిల్లలను సెక్షనులుగా తిరిగి పేర్చుదురు. మొదటి సెక్షనుకు మంచి ఉపాధ్యాయులు, గాలివచ్చు గది. చివరి సెక్షనుకు మెట్లక్రింది గది, ఆ సంవత్సరమే ఉద్యోగములో చేరిన పిల్లపంతులు. మా అమ్మాయికి అక్కడ ఒక నెచ్చెలి యుండెను. పటమటలో నుండు పిల్ల. ఇద్దఱును ఒకే బస్సులో పోయివచ్చుచు ఒకరి డబ్బాలోని పులిహోర ఒకరు తినుచుండెడివారు. గత కార్తికములో ఆ పిల్లకు టైఫాయిడు జ్వరము వచ్చి రెండు వారములు మంచమెక్కినది. వాళ్లమ్మ నాకు ఫోను చేసి, మీ అమ్మాయి నోటుబుక్కులు రెండురోజులకు ఇప్పించగలరా యని అడిగినది. నేను సరేనంటిని. మా అమ్మాయిని పిలిచి అడుగగా సైన్సు నోటుబుక్కు పోయినదని చెప్పెను.

మూడవనాడు దుప్పట్లు మార్చుచుండగా ఆ పుస్తకము పఱుపుక్రింద దొరికినది. ఏమే యిది యని అడిగితిని. అది ఏడువలేదు, తడబడనులేదు. లెక్క చెప్పినట్లు చెప్పినది. “ఇస్తే అది పైకొస్తుంది, నేను కిందికి పోతాను. మొదటి సెక్షన్లో సీట్లు నలభయ్యేనమ్మా.”

చేయి ఎత్తితిని కాని దింపుకొంటిని. ఎందుచేత ననగా, మార్కుల చీటీ యింటికి వచ్చిన ప్రతిసారియు నేను మొదట అడుగు మాట “దానికెంత వచ్చింది?” అనునదే. దానికి, అనగా జ్వరముతో మంచముపట్టిన ఆ పిల్లకే. నలుబది సీట్లున్న గదిని పాఠశాల కట్టినది. ఆ గదికి బాట నేను వేసితిని. బిడ్డ ఆ బాటను బుద్ధిగా నడిచినది. పాఠశాల విలువలు బిడ్డ శీలమును తీర్చిదిద్దవలెనని కోరుకొంటినిగదా, తీర్చిదిద్దినవి. ఇంక ఎవరిమీద ఫిర్యాదు?

ఆ నెలలోనే మఱియొక ముచ్చట జరిగినది. ఎవరో అధికారి పరీక్షించుటకు వచ్చుచున్నారని ముందురోజు పిల్లలకు తెలిపిరి. ప్రతిదినము ఆటల పీరియడు కలదనియు, ఆదివారము తరగతులు జరుగవనియు చెప్పవలెనని నేర్పిరి. తరగతికొక క్రొత్త బంతి యిచ్చిరి. అధికారి వెడలిపోగానే బంతులు తిరిగి బీరువాలోనికి పోయినవి. మా అమ్మాయి దీనిని వింతగా చెప్పలేదు, వేడుకగా చెప్పినది. పిల్లలచేత ఆ అబద్ధమును వల్లె వేయించిన పంతులుగారే శనివారము సత్యమను పాఠమును చెప్పువారు. ఆయనను నిందించుటకు నాకు నోరు రాదు. ఆయన జీతము యాజమాన్యము చేతిలో నున్నది. ఇంటి అద్దె ఆయన నెత్తిమీద నున్నది. కాని నలుబదిమంది పిల్లలు ఆనాడు ఒకేసారి నేర్చుకొన్న దేమనగా, అబద్ధమును పెద్దలందఱు కలిసి ఆడినప్పుడు దానిపేరు క్రమశిక్షణ.

అర్ధసంవత్సరపు పరీక్షలో మా అమ్మాయికి నీతిబోధ యందు 50కి 48 మార్కులు వచ్చినవి. సత్యము వలని ప్రయోజనములలో ఒకదానిని వ్రాయుట మఱచెనట. అందుకు రెండు మార్కులు పోయినవి.

బెజవాడకు చదువుల పట్టణమని పేరు నిన్న మొన్న వచ్చినది కాదు. 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల వెలసినది. 1953లో ఆంధ్ర లొయోలా కళాశాల, 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వచ్చినవి. 1986లో ఎంసెట్ ప్రవేశపరీక్ష మొదలైన తరువాత ఈ ఊరి రూపు మాఱినది. పోరంకి, గోశాల, నిడమానూరు, గూడవల్లి దారులలో చెఱకుతోటలు, వరిచేలు ఉన్నచోట ఎత్తైన హాస్టలు మేడలు లేచినవి. తెల్లవారుజాము స్టడీ అవరు, రాత్రి స్టడీ అవరు, నడుమ వారపు పరీక్ష. ఇంటర్మీడియటు పిల్లల కొఱకు పుట్టిన ఈ యేర్పాటు మెల్లగా దిగి ఆరవ తరగతికిని, ఇప్పుడు అంతకు క్రిందికిని వచ్చినది.

ఈ ఊరికి నలుబది మైళ్ల దూరమున బందరులో ఇంకొక తీరు చదువును కోరినవారు లేకపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అక్కడ పుస్తకముతోపాటు మగ్గమును, వడ్రంగమును, చిత్రలేఖనమును విద్యయే. చేతిపని చేయువానిని చిన్నచూపు చూడరాదని గోడమీద వ్రాయుట వేఱు, బ్రాహ్మణుని కొడుకుచేత రంపము పట్టించుట వేఱు. రెండవదానిలో బోధ లేదు, పని యున్నది. బిడ్డ దానిని మఱవడు. ఆ కళాశాల ఏల విస్తరింపలేదని అడుగువారికి నా జవాబు సూటిగా నుండును. ప్రభుత్వోద్యోగమునకు నిచ్చెన కాని చదువును మన తాతలు మెచ్చుకొనిరే గాని, తమ బిడ్డలను చాలమంది అక్కడకు పంపలేదు. తల్లిదండ్రుల ఆశకును నడతకును నడుమనున్న ఈ బీట నూఱేండ్ల నాటిది.

బందరులోనే 1862లో జన్మించిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1904 నుండి 1919 వఱకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆయన శీలమును గూర్చి చేసిన ఉపన్యాసములు ఆ కాలమున ప్రసిద్ధములు. వానికంటె నాకు ఆయన చేసిన రెండు పనులు ముఖ్యములుగా తోచును. ఆడుపిల్లలను కళాశాల తరగతులలో కూర్చుండబెట్టిరి. అంటరానివారని ఊరు దూరముగ నుంచిన బాలురకు వసతి కల్పింప జేసిరి. దేవదాసీ స్త్రీల విషయమున ఆయన ఉద్యమము చూపిన కాఠిన్యమును నేను సమర్థింపజాలను. దోషమును పోగొట్టబోయి మనుష్యులనే దోషులుగ నిలుపుట సంస్కరణములో తఱచు జరుగు తప్పు. అయినను ఒక్కమాట. ఆయన విద్యార్థులు సమత్వమను పదమును వ్రాసి మార్కులు పొందలేదు, ప్రక్కబల్లమీద దానిని చూచిరి.

గోపరాజు రామచంద్రరావుగారి కథ ఇంకను చిత్రమైనది. వృక్షశాస్త్రము బోధించు ఈ పంతులుగారు తాము నాస్తికులమని దాచుకొనకుండుటచేత 1933లో కాకినాడలో ఉద్యోగమును పోగొట్టుకొనిరి. తరువాత బందరు హిందూ కళాశాలలోను అదే కారణమున నిలువలేకపోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని మన పటమటకు తెచ్చిరి. నేను నాస్తికురాలను కాను, సంధ్యవేళ దీపము పెట్టనిదే నాకు తోచదు. అయినను అడుగుచున్నాను. నమ్మినదానిని నమ్మితినని చెప్పి జీతము వదలుకొన్న గురువును చూచిన పిల్లవాడు సత్యమును గూర్చి నేర్చుకొన్నది ఎక్కువా? మార్కుకొక వాక్యము చొప్పున సత్యమును వ్రాసినవాడు నేర్చుకొన్నది ఎక్కువా? అట్టి గురువు నేడు మన పాఠశాలలో నుండిన, ఆయనను తీసివేయుమని మొదట అర్జీ పెట్టునది యాజమాన్యము కాదు, మనమే.

ఇక్కడ నామీద ఒక ఆక్షేపణ వచ్చును. అది చులకనైనది కాదు. కోడూరునుండియో నాగాయలంకనుండియో ఒక కౌలురైతు గేదెను అమ్మి కొడుకు హాస్టలు ఫీజు కట్టినాడనుకొందము. వానికి భూమి లేదు, పలుకుబడి లేదు. ర్యాంకు ఒక్కటే వాని బిడ్డకు దిక్కు. “కడుపునిండిన తల్లీ, నీకు శీలము కావలెను. నాకు సీటు కావలెను” అని అతడన్నచో నేనేమి చెప్పవలెను? అతనిని తప్పుపట్టను. పోటీపరీక్ష సిఫారసుకంటె మేలైనదే. దానివలన ఎన్నో పూరిండ్ల పిల్లలు డాక్టర్లైరి, ఇంజనీర్లైరి. నేను పరీక్షను దూషించుట లేదు.

కాని ఆ రైతునకు బాగుగా తెలిసిన సంగతినే జ్ఞాపకము చేయుదును. ఈ డెల్టాలో సుమారు 13 లక్షల యెకరములు కృష్ణ నీటితో పండును. 1855లో ఆనకట్ట కట్టినారు. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. నీరు నడచు మార్గము మాత్రము మాఱలేదు. ముందు ఎగువవాని తూము, తరువాత దిగువవానిది, చిట్టచివర సముద్రపుగట్టున శివారు ఆయకట్టు. ఎగువరైతు రాత్రివేళ తూము తలుపెత్తి తన చేను రెండింతలు నింపుకొన్న, శివారున నారు ఎండును. ఎంత చట్టమున్నను, ఎందఱు లస్కరులు గట్టువెంట తిరిగినను, నా చేను తడిసినది చాలు, తలుపు దింపుదునను మనుష్యుడు ఎగువన లేనియెడల నీరు చివరకు చేరదు. కోడూరు రైతు జీవితము ఎవనినో ఒక తెలియని మనుష్యుని న్యాయబుద్ధిమీద ఆధారపడియున్నది. నోటుబుక్కును పఱుపుక్రింద దాచుట నేర్చిన పిల్లలే ఱేపు ఇంజనీరులై ఆ తలుపుల దగ్గఱ నిలుచుదురు. శీలము కడుపునిండినవాని విలాసమని ఎవరనినను నేనొప్పుకొనను. దాని లోటుచేత మొదట ఎండునది శివారువాని చేనే.

పరీక్ష ఉండవలెనా వద్దా యన్నది మన తగవు కాదు. తరగతిలోని తోటిపిల్లను శత్రువుగ చూపకుండ పరీక్షకు సిద్ధము చేయలేమా యన్నది తగవు. పదునైదు దినములకొకసారి బిడ్డలను తరముగా ఏఱి గదులు మార్చుటకు విద్యాశాస్త్రములో ఏ ఆధారమున్నదో యాజమాన్యములు చెప్పవలెను. ఆధారము వ్యాపారములో నున్నది. మొదటి నలుబదిమంది ముఖములు గోడ కెక్కును. తక్కినవారి ఫీజులు ఆ గోడను కట్టును.

చట్టము మూగగా నున్నదని తలపకుడు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి వఱకు పిల్లలను శరీరముచేతగాని మనస్సుచేతగాని హింసింపరాదని 17వ విభాగములో నిషేధించినది. బోధన బిడ్డను భయమునుండి, ఆందోళనమునుండి విముక్తము చేయునదిగా నుండవలెనని 29వ విభాగములో చెప్పినది. రాజ్యాంగపు విలువలకు అనుగుణముగ నుండవలెననియు అందే యున్నది. విశాఖపట్నములో హాస్టలునందుండి చదువుకొనుచు మరణించిన పదునేడేండ్ల బాలిక విషయమై వచ్చిన వ్యాజ్యములో 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు దేశమంతటికిని 15 మార్గదర్శకములను విధించినది. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయుట, పదుగురిలో అవమానించుట, శక్తికి మించిన లక్ష్యములు పెట్టుట మానవలెనని అందు స్పష్టముగ కలదు. 2022వ సంవత్సరములో ఈ దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ నేరగణాంకములే చెప్పుచున్నవి. ఈ అంకెను ఏ పాఠశాల గోడమీదను వ్రాయరు.

తీర్పు వెలువడినది గదా యని మా పాఠశాలలో సెక్షనులను గూర్చి అడిగితిని. “పేరెంట్సే కావాలంటున్నారండి” అని జవాబు వచ్చెను. తప్పించుకొను మాటయే. అయినను అబద్ధము కాదు. చేర్చునపుడు మనము అడుగు ప్రశ్నలు ఎట్టివి? క్రిందటేడు ఎన్ని ర్యాంకులు? స్టడీ అవరు రాత్రి ఎన్నింటివఱకు? చివరకు గొంతు తగ్గించి, ఇక్కడ మనవాళ్ల పిల్లలు ఎక్కువా? ఈ మూడవ ప్రశ్నను అడిగిన చదువుకొన్న తల్లులను నా చెవులార వింటిని. ఇంటిలో పనిమనిషికి వేఱు గ్లాసు, ఆటోవానితో ఏకవచనము, పదమూడేండ్ల పిల్లను పండ్రెండేండ్లదని చెప్పి అరటిక్కెట్టు. ఇంత నేర్పి బిడ్డను బస్సెక్కించి, పాఠశాల విలువలు నేర్పుట లేదని సాయంకాలము అరుగుమీద కూర్చుండి విచారింతుము. సోదరీమణులారా, నేనును ఆ అరుగుమీదనే కూర్చుంటిని. అరటిక్కెట్టు తీసికొన్నదానను నేనే.

అట్లయిన తప్పంతయు ఇంటిదేయని పాఠశాలను విడిచిపెట్టవలెనా? పెట్టరాదు. బిడ్డ మేలుకొనియున్న వేళలో సగము పైగా వారియొద్దనే గడుచుచున్నది. అందుచేత నేను శనివారపు పాఠమును అడుగను, దానిని తీసివేసినను నాకు విచారము లేదు. ఆ గంటలో పిల్లలు తమ తరగతిగదిని తామే ఊడ్చుకొనవలెను. ఆయమ్మను పేరుపెట్టి పిలువక అమ్మా యనియో అక్కా యనియో పిలువవలెను. జబ్బుపడిన పిల్లకు పాఠములు అందించు బాధ్యత తరగతి అంతటిది కావలెను. దానికి పాఠశాలయే సమయమియ్యవలెను. అధికారి వచ్చునాడు నేర్పిన మాటలు పిల్లలచేత చెప్పింపరాదు. ఆటల పీరియడు లేకున్న లేదని హెడ్మాస్టరుగారే చెప్పవలెను. అట్లు చెప్పుటకు ఆయనకు కష్టమగును. ఆ కష్టమును పిల్లలు చూడవలెను. వీనికి పుస్తకము అక్కఱలేదు, ఫీజు అక్కఱలేదు. అందుచేతనే ఇవి జరుగుట కష్టమని నా అనుమానము.

మా పాఠశాల తల్లిదండ్రుల సభలో ఈ మాటలే లేచి చెప్పితిని. ఒకరిద్దఱు తల యూపిరి. ఒకాయన మాత్రము, “ఇవన్నీ బాగానే ఉన్నాయమ్మా, మావాడికి ఐ.ఐ.టి. ఫౌండేషను ఎప్పుడు మొదలవుతుంది?” అని యాజమాన్యమును అడిగెను. సభ అటు మళ్లినది.

నోటుబుక్కు సంగతి చెప్పక విడిచితిని. ఆ సాయంకాలమే మా అమ్మాయిని వెంటబెట్టుకొని పటమట పోయితిని. పుస్తకము పోలేదు, దాచినానని అదే చెప్పవలెనంటిని. దారిపొడవున అది నాతో మాటాడలేదు. ఆ పిల్ల తల్లి తలుపు తీసి లోనికి రమ్మన్నది. మంచముమీద పిల్ల సగమై యున్నది. మా అమ్మాయి పుస్తకము చేతిలో పెట్టి, చెప్పవలసినది చెప్పినది. ఆ పిల్ల గోడవైపు తిరిగినది. కొంతసేపటికి, “పదకొండో లెసను బొమ్మలు నువ్వే వేసిపెట్టు, నాకు చెయ్యి వణుకుతోంది” అని అన్నది. ఇద్దఱును దీపములు పెట్టువేళవఱకు బొమ్మలు వేసికొనిరి.

తరువాతి పరీక్షలో ఆ పిల్ల మొదటి సెక్షనులో నిలిచినది. మా అమ్మాయి రెండవదానికి దిగినది. ఆనాడు బస్సు దిగి వచ్చి గుమ్మములో బూట్లు విప్పుకొనుచుండగా, “దానికెంత వచ్చింది” అన్న మాట నా నాలుక చివరి వఱకు వచ్చినది. లోనికి పోయి అన్నము కలిపి తెచ్చితిని.